దానమూ, చందా

దానం మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. బలిచక్రవర్తి మొదలు కర్ణుడి వరకు దాతలను కీర్తించిన పురాణ సంప్రదాయం మనది. ఆ కథల్లో దాత ఎప్పుడూ నాయకుడే. పుచ్చుకున్నవాడికి సాధారణంగా పేరు కూడా ఉండదు. ఉంటే వాడు వామనుడిలాగా వేషం మార్చుకొని వచ్చినవాడై ఉంటాడు. ఇచ్చినవాడి మనస్సు ఎంత గొప్పదో చెప్పడానికి ఆ కథలు పుట్టినవి. ఇవ్వవలసిన అగత్యం ఎందుకు కలిగింది, ఇచ్చిన సొత్తు అతని చేతికి ఎట్లా వచ్చింది అన్న విచారణ వాటికి పట్టదు.

ఈ పాత ప్రశ్నే ఇప్పుడు కొత్త రూపంలో మన ముందుకు వచ్చింది. భూమి వేడెక్కుతున్నది. దాన్ని అరికట్టే పనులకు డబ్బు కావాలి. ఐతే ప్రపంచంలో ధర్మకార్యాల కోసం ఇచ్చే సొమ్ములో రెండు శాతం కూడా ఈ పనులకు రావడం లేదని, ఈ లెక్కలు కట్టే అమెరికన్ సంస్థ క్లైమేట్‌వర్క్స్ ఫౌండేషన్ కొన్నేళ్లుగా చెబుతున్నది. గుళ్లకు, ఆస్పత్రులకు, విశ్వవిద్యాలయాలకు ధారాళంగా సాగే చెయ్యి గాలి విషయంలో ముడుచుకుంటున్నది. అందుచేత దాతలను కూడగట్టి, ఒకరిని చూసి ఒకరు ఇచ్చేటట్లు చేసే కూటములు పుట్టినవి. మన దేశంలో 2020లో ఏర్పడిన ఇండియా క్లైమేట్ కొలాబొరేటివ్ అటువంటిదే. టాటా, మహీంద్రా, ప్రేమ్‌జీ, నీలేకని వంటి సంపన్నుల, ట్రస్టుల పేర్లు దాని పుట్టుక వెనక ఉన్నవి. ఇటువంటి కూటముల ముఖ్యమైన పని చెట్లు నాటడమూ కాదు, చెరువులు తవ్వడమూ కాదు. ఇచ్చేవారి సంఖ్యను, ఇచ్చే మొత్తాన్ని పెంచడం. కనక వాటికి ఇచ్చే డబ్బు ఒక విచిత్రమైన దానం. అది దానం పెరగడానికి చేసే దానం.

దీన్ని సమర్థించేవారి వాదం సులభంగానే అర్థమవుతుంది. ఒక రూపాయి పెట్టి మొక్క నాటితే ఒక మొక్కే లేస్తుంది. అదే రూపాయితో పదిమందిని కదిలిస్తే పది రూపాయలు వస్తవి. గింజను తినడంకంటె విత్తనంగా వాడుకోవడం తెలివైన పని కదా అని వారంటారు. మన కరీంనగర్ ప్రాంతంవారికి ఇందులో ఒక తరహా బాగానే తెలుసు. రాజ్యసభ సభ్యుడిగా ఉన్న జోగినపల్లి సంతోష్ కుమార్ 2018లో గ్రీన్ ఇండియా ఛాలెంజ్ మొదలుపెట్టాడు. మూడు మొక్కలు నాటాలి, మరి ముగ్గురిని నాటమని పిలవాలి. పిలిచిన ప్రతివాడూ పలికితే పదో వరుసకు 59,049 మంది అవుతారు. అందరూ పలకరు, కాని కూటమి బలమంతా ఆ గుణకారం మీద నమ్మకంలో ఉన్నది.

ఈ విషయంలో మన పురోగామి శిబిరంలో రెండు ధోరణులు కనిపిస్తున్నవి. ఒకటి ఎగతాళి: ఇదంతా పెట్టుబడిదారులు పాపం కడుక్కోవడానికి కట్టించుకున్న స్నానఘట్టమని కొట్టిపారేయడం. రెండవది కృతజ్ఞత: ఎవరిస్తేనేం, ఎట్లా వస్తేనేం, ప్రమాదం ముంచుకొస్తున్నప్పుడు పుణ్యానికి వచ్చిన ఆవుకు పళ్లు ఎంచుతామా అని సరిపెట్టుకోవడం. మొదటిది మనల్ని పని నుంచి తప్పిస్తుంది. రెండవది ఆలోచన నుంచి తప్పిస్తుంది. ఇచ్చేవారిని పెంచడం మంచిదా కాదా అన్న ప్రశ్న కంటె ముందు తేల్చుకోవలసినది ఒకటి ఉన్నది. ఆ ఇవ్వడం ఏ సంబంధాన్ని పెంచుతున్నది? ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఉన్న ఎత్తుపల్లాలను చదును చేస్తున్నదా, మరింత లోతు చేస్తున్నదా? ఈ వ్యాసంలో నేను విచారించదలచినది ఇదే.

ఉత్తర తెలంగాణ ఈ విచారణకు తగిన స్థలం. ఇక్కడ కారణమూ ఫలితమూ రెండూ ఒక్కచోటే ఉన్నవి. గోదావరికి ఇరువైపులా పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల కింద బొగ్గు ఉన్నది. సింగరేణి సంస్థ 2023–24లో తన గనులన్నిటి నుంచి ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసింది. రామగుండంలో 1983లో మొదటి యూనిట్‌తో ప్రారంభమైన ఎన్టీపీసీ కేంద్రం 2,600 మెగావాట్లకు పెరిగింది. దాని పక్కనే 1,600 మెగావాట్ల కొత్త కేంద్రం 2023, 24లలో వచ్చింది. జైపూరులో సింగరేణి సొంత కేంద్రం 1,200 మెగావాట్లది. ఈ కరెంటుతో దక్షిణాది నగరాలు వెలుగుతున్నవి. ఇక ఫలితం చూడండి. 2015 మే నెల ఎండల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోను రెండువేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎండలో కూలికి పోక తప్పనివారు, వృద్ధులు. 2022 జూలైలోను, మళ్లీ 2023 జూలైలోను కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగలిగిన దానికంటె ఎక్కువ వరద వచ్చి, కట్ట నిలుస్తుందో లేదో తెలియక దిగువ ఊళ్ల జనం బిక్కుబిక్కుమన్నారు. ఒక్కొక్క వరదను, ఒక్కొక్క ఎండను చూపించి ఇది ఫలానా పొగగొట్టం వల్ల వచ్చిందని చెప్పలేము. ఐతే వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుందని, కుండపోతలు, వడగాడ్పులు పెరుగుతవని శాస్త్రం నిస్సందేహంగా చెబుతున్నది.

ఈ ప్రాంతంలోనే, ఇరవై ఏళ్లకు పూర్వం, ప్రపంచానికంతటికీ పాఠం కాగలిగిన ఒక చిన్న సంఘటన జరిగింది. జైనూరు మండలంలో పవర్‌గూడ అనే గోండు గూడెం ఉన్నది. అక్కడి మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి, కానుగ గింజల నుంచి నూనె తీసే పని చేపట్టినవి. ఆ నూనె డీజిలుకు బదులు వాడవచ్చు గనక, ఆ మేరకు గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్క కట్టారు. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు ఒక అంతర్జాతీయ సమావేశం జరిపింది. అందులో పాల్గొనవచ్చినవారి విమాన ప్రయాణాలు మొదలైన వాటివల్ల 147 టన్నుల వాయువు వెలువడిందని తేలింది. దానికి పరిహారంగా పవర్‌గూడ స్త్రీలకు 645 డాలర్లు చెల్లించారు. పదేళ్లలో కానుగ నూనె మిగల్చగల 147 టన్నులకు అది ధర. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. మొత్తం మన డబ్బులో ముప్ఫైవేలకు లోపే.

ఈ సంఘటనను ఎన్నో వ్యాసాలు మెచ్చుకొన్నవి. మెచ్చుకోదగిన అంశం అందులో నిజంగానే ఉన్నది. మొక్క, గింజ, గానుగ, మూడూ ఆ స్త్రీల చేతుల్లో ఉన్నవి; డబ్బు మధ్యవర్తుల సంచుల్లోకి పోకుండా వారి సంఘానికి చేరింది. ఐతే అంకెలను పక్కపక్కన పెట్టి చూద్దాం. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి దాదాపు కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. రామగుండంలోని పాత కేంద్రం ఒక్కటే పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు ఇరవై ఆరు లక్షల యూనిట్లు. పవర్‌గూడ స్త్రీలు పదేళ్ల శ్రమతో ఆపగల 147 టన్నుల పొగను ఆ కేంద్రం నాలుగు నిమిషాల్లోపే గాలిలోకి వదులుతుంది. అంతే కాదు. కొన్నాళ్ల సమావేశానికి వచ్చినవారు చేసిన పొగకు బదులుగా పదేళ్లు పనిచెయ్యవలసింది, బహుశా జీవితంలో విమానం ఎక్కని స్త్రీలు. విమానం ఎక్కినవాడు ఎక్కుతూనే ఉంటాడు, మొక్క నాటినది నాటుతూనే ఉంటుంది. లెక్క మాత్రం సరిపోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది.

దీన్ని దానమనాలా, కొనుగోలనాలా? ఇచ్చినవారి దృష్టిలో అది సద్భావం. లెక్కలవారి దృష్టిలో అది క్రయవిక్రయం. నా దృష్టిలో అది అప్పులో ఒక చిల్లర కిస్తీ. ఆ అప్పును అప్పు అని పిలవకపోవడంలోనే చిక్కంతా ఉన్నది. అమెరికాలో తలసరి బొగ్గుపులుసు వాయువు ఏడాదికి పద్నాలుగు టన్నుల దరిదాపు. భారతదేశంలో సగటున రెండు టన్నులు. ఆ రెండు టన్నుల సగటులో కూడా నగరంలోని చల్లటి మేడ ఉన్నది, తిర్యాణి అడవిలోని గుడిసె ఉన్నది. భూమి పీల్చుకోగల పొగకు ఒక పరిమితి ఉన్నప్పుడు, తన వాటాకు మించి వాడుకున్నవాడు ఇతరుల వాటాను వాడుకున్నట్టే. వాడుకున్నదానిలో కొంత తిరిగి ఇస్తే దాన్ని దానమని ఎట్లా అనగలం?

తత్వశాస్త్రం చదివినవారికి పీటర్ సింగర్ 1972లో చేసిన వాదం తెలిసే ఉంటుంది. దారిలో పోతుంటే చెరువులో ఒక పిల్లవాడు మునిగిపోతున్నాడు. బట్టలు తడుస్తవని ఊరుకుంటే అది తప్పు. అట్లాగే దూరదేశంలో ఆకలితో చచ్చేవారికి ఇవ్వగలిగి ఇవ్వకపోవడమూ తప్పే అని ఆయన వాదించాడు. ఇవ్వడం ఐచ్ఛికమైన పుణ్యం కాదు, తప్పనిసరి విధి అని చెప్పిన ఆ వాదానికి విలువ ఉన్నది. ఐతే అందులోని బాటసారికి చెరువుతో ఏ సంబంధమూ లేదు. అతడు కేవలం చూసినవాడు. మన సందర్భంలో బాటసారి చెరువులోకి నీరు మళ్లించినవాడు కూడా. అతడు పిల్లవాడిని బయటికి తీస్తే చాలదు. నీరు మళ్లించడం ఆపాలి. తీసినందుకు సన్మానం అడగకూడదు. ఎంగెల్స్ 1845లోనే ఇంగ్లండు కార్మికుల స్థితి గురించి రాస్తూ, ముందు రక్తం పిండుకొని తరవాత అందులో చుక్కంత తిరిగి ఇచ్చే దాతృత్వాన్ని ఎండగట్టాడు. ఆ విమర్శ పాతదే గాని పాతబడలేదు.

మన తెలంగాణాకు ఈ సంగతి పుస్తకాల నుంచి నేర్చుకోవలసిన పని లేదు. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే ముందు హరిజనులు 80 ఎకరాల భూమి కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. దాన్ని నేటి పరిభాషలో చెప్పుకుంటే, దాతలను పెంచే మహా కూటమి అది. వినోబా స్వయంగా ఏమీ పంచలేదు. ఆయన దగ్గర ఉన్నది నడక, నచ్చజెప్పడం. అయిదు కోట్ల ఎకరాల లక్ష్యం పెట్టుకుంటే నలభై లక్షల ఎకరాలకు పైగా వాగ్దానాలు వచ్చినవి. దేశంలో ఏ ఇతర కూటమీ మాటతో అంత ఆస్తిని కదిలించలేదని ఒప్పుకోవాలి. కాని వచ్చినదానిలో చాలా భాగం సాగుకు పనికిరానిదో, వ్యాజ్యాల్లో చిక్కినదో, పంచకుండానే మిగిలిపోయినదో అయింది.

ఎందుకట్లా అయింది? వినోబా చిత్తశుద్ధి లోపం కాదు. ఏ భూమి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించే అధికారం దాత దగ్గరే ఉండిపోయింది. అంతకు ముందు ఏడాదే, 1950లో, హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. సాయుధ పోరాటపు వత్తిడి లేకపోతే రాని చట్టం అది. అది కౌలు రైతును రక్షిత కౌలుదారుగా గుర్తించి, కాగితం మీద అతని పేరు ఎక్కించింది. దాని అమలులో ఎన్ని మోసాలు జరిగినా, ఆ పేరు పట్టుకొని కోర్టుకు పోవడానికి కౌలుదారుకు వీలు చిక్కింది. భూదానం పుచ్చుకున్నవాడికి, దాత మాట తప్పితే పోవడానికి చోటు లేదు. దానానికీ హక్కుకూ ఉన్న తేడా ఇదే. దానం దాత మనస్సు మీద నిలుస్తుంది. హక్కు దాత మనస్సు మారినా నిలుస్తుంది.

ఇంతమాత్రాన ఇవ్వడాన్నీ, ఇమ్మని అడిగే కూటములనూ పూర్తిగా కాదనవలసిందేనా? అట్లా అనేవారు మన సొంత చరిత్రను మరచినవారవుతారు. 1944లో భువనగిరి మహాసభనాటికి ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుము ఒక అణాకు దిగింది. అణా ఇవ్వగలిగిన కూలివాడు కూడా సభ్యుడయ్యాడు. సంఘం ఊరూరా పాకింది. ఆ అణాలతో నేరుగా ఎవరి కడుపూ నిండలేదు. అవి కరపత్రాలకు, కార్యకర్తల తిండికి, కాలినడకన ఊళ్లు తిరిగి మరికొందరిని చేర్పించినవారికి ఖర్చయినవి. అంటే కూడగట్టేవారి మీద పెట్టిన ఖర్చు. కనక, మొక్కల మీద పెట్టవలసిన డబ్బు మనుషులను కూడగట్టడం మీద పెట్టడం దుబారా అనే వాదం మన నోట రాకూడదు. పూర్తికాలం కార్యకర్తను పోషించుకోని ఉద్యమం ఏదైనా నిలబడిందా? ఈ కూటములు చేస్తున్నదానిలో ఒక సత్యం ఉన్నది: సంఘటితం చెయ్యడం కూడా పనే, దానికీ కూలి ఉండాలి. ఐతే ఆ అణా దానం కాదు. అది చందా.

మన భాషలో ఇవ్వడానికి ఉన్న మాటల్లో ఎంతో అనుభవం దాగి ఉన్నది. దానంలో ఇచ్చే చెయ్యి పైన, పట్టే చెయ్యి కింద ఉంటుంది. పట్టినవాడు లెక్క అడగడు. పన్నులో ఇచ్చేవాడి ఇష్టాయిష్టాలకు చోటు లేదు, కాని ప్రజాస్వామ్యంలో దాని లెక్కను చట్టసభలో అడగవచ్చు. అప్పు తీర్చడంలో ఇచ్చేవాడికి గొప్ప లేదు, పుచ్చుకునేవాడికి సిగ్గు లేదు. చందా సమానులు ఉమ్మడి పనికి వేసుకునేది. వేసినవాడు సభలో లేచి లెక్క చెప్పమంటాడు, ఈ రోజు వేసినవాడికి రేపు దాని అక్కర రావచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయిన కూలీలు తోటివాడు చనిపోతే శవాన్ని ఇంటికి పంపడానికి తలా ఇంత వేసుకుంటారు. దానికి దాతృత్వమని ఎవరూ పేరు పెట్టరు, రాతి పలక మీద పేర్లు చెక్కించరు. చమురు దేశాల ఎండలో పనిచేసేవారి ఆ చందాలో ఉన్న నీతి, చమురు లాభాల నుంచి వచ్చే విరాళంలో ఉండదు.

ఈ తేడా పట్టించుకోకుండా మాటలను కలిపేస్తే ఏమవుతుందో చెప్పడానికి మన రాష్ట్రంలోనే ఉదాహరణలున్నవి. 2021 అక్టోబరులో హరితనిధిని శాసనసభలో ప్రకటించారు. శాసనసభ్యులు నెలకు 500 రూపాయలు, ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు 100, తక్కిన ప్రభుత్వోద్యోగులు 25, విద్యార్థులు ప్రవేశ సమయంలో కొంత, రిజిస్ట్రేషన్ల మీద కొంత, కాంట్రాక్టర్ల బిల్లుల మీద నూటికి పైసా చొప్పున ఇవ్వాలని చెప్పారు. ఆలోచన చెడ్డది కాదు. అందరూ కొంచెం ఇవ్వాలన్నది చందా నీతే. ఐతే దాన్ని విరాళమంటూ జీతంలోంచి, ఫీజులోంచి తీసుకుంటే అది పన్ను. పన్నైతే బడిపిల్లవాడి మీద కూడా పడి, ఏడాదికి కోట్ల టన్నుల లెక్కన బొగ్గు కాల్చే పరిశ్రమల పొగ మీద పడకపోవడం న్యాయమేనా అని అడగాలి. చందా ఐతే ఇచ్చిన ఉపాధ్యాయుడు, విద్యార్థి ఆ నిధి లెక్కల సభలో కూర్చోవాలి. రెండూ కాకుండా ఉంటే, ఇచ్చినవాడికి పన్ను చెల్లించినవాడి హక్కూ లేదు, దాతకు దక్కే దండా లేదు.

మరొక ఉదాహరణ. 2020లో ఒక సినిమా నటుడు రెండు కోట్ల రూపాయలిచ్చి, హైదరాబాదు శివార్లలో ఖాజీపల్లి అడవిలో 1,650 ఎకరాలు దత్తత తీసుకున్నాడని పత్రికలు హర్షించినవి. ఇవ్వడం మంచిదే. కాని దత్తత అన్న మాట చూడండి. దత్తత తీసుకునేది తల్లిదండ్రులు లేని బిడ్డను. అడవి దిక్కులేనిదని ఎవరు తేల్చారు? నగర శివారులో ఈ మాట వట్టి అలంకారంగా వినబడవచ్చు. ఆదిలాబాదులో అట్లా వినబడదు. అక్కడ అడవికి తల్లులూ తండ్రులూ ఉన్నారు. వారి హక్కు కోసమే కొమురం భీము 1940లో జోడెన్‌ఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు.

2019 జూన్ చివర కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటడానికి వెళ్లిన అటవీ సిబ్బంది మీద ఒక గుంపు దాడి చేసింది. ఒక మహిళా అధికారి తీవ్రంగా గాయపడింది. విధి నిర్వహిస్తున్న ఉద్యోగిని మీద జరిగిన ఆ దౌర్జన్యాన్ని సమర్థించడానికి వీలు లేదు. దాని వెనక స్థానిక రాజకీయాల పెత్తనం కూడా ఉన్నది. కాని ఒక్కటి మరువరాదు. ఆ నేల మాది, దున్నుకుంటున్నామని రైతులు అంటున్నచోట, అడవి పెంచాలని మొక్కలు దించారు. నగరంలో ఒకడు మంచి మనస్సుతో ఇచ్చిన మొక్క, పోడు చేసుకునే గోండు చేనులో దిగినప్పుడు అది కబ్జాగా కనిపించవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2023 జూన్ 30న ఆసిఫాబాదులో మొదలుపెట్టి రాష్ట్రంలో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. అంటే అంతవరకు ఆ నేల మీద వారి హక్కును గుర్తించకుండానే హరితహారాలు సాగినవన్నమాట. దాతలు ఎంత పెరిగితే, మొక్కలు దించడానికి అంత నేల కావాలి. ఆ నేల ఎవరిదన్న ప్రశ్న వేసుకోని కూటమి ఎంత పెరిగితే అంత ప్రమాదం.

బొగ్గుగని కార్మికుడి సంగతి మరొకటి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేలకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు పర్మినెంటు కార్మికులు దాదాపు నలభైవేలు. తగ్గినది పర్యావరణం కోసం కాదు. భూగర్భ గనులు మూసి, యంత్రాలతో, కాంట్రాక్టు కూలీలతో ఓపెన్‌కాస్టులు తవ్వడం వల్ల. గనులు మూతపడిన తరవాత ఒక ఊరు ఏమవుతుందో బెల్లంపల్లిని చూస్తే తెలుస్తుంది. రేపు బొగ్గే వద్దనుకున్ననాడు మిగిలినవారి గతి ఏమిటి? బొగ్గు ఆపమని ప్రచారానికి డబ్బు పోగుచేసే కూటమి, గోదావరిఖని కార్మికుడి బతుకుకు కూడా పోగుచెయ్యకపోతే, ఆ కార్మికుడు దానికి శత్రువౌతాడు. అతణ్ణి తప్పుపట్టడానికి మనకు నైతిక హక్కు ఉండదు. గని ప్రాంతాల కోసం దానం కాని ధనం ఒకటి ఇప్పటికే ఉన్నది. 2015 చట్టసవరణ ప్రకారం గని యజమానులు రాయల్టీకి అదనంగా జిల్లా ఖనిజ నిధికి చెల్లించాలి. అది గనుల వల్ల నష్టపోయిన ప్రజల సొమ్ము. దాత కోసం ఎదురుచూసే ముందు, చట్టప్రకారం తమదైన ఈ నిధిలో ఒక్కొక్క రూపాయి ఎక్కడికి పోతున్నదో అడిగే శక్తి ఆ ఊళ్లకు రావాలి. నన్నడిగితే, వాతావరణం కోసం ఇచ్చే సొమ్ముతో చెయ్యదగిన మొదటి పని ఆ శక్తిని కూడగట్టడం.

ఇది ఊహాలోకపు మాట కాదని చెప్పడానికి ముల్కనూరు ఉన్నది. పాత కరీంనగర్ జిల్లాలోని ఆ ఊళ్లో 1956లో విశ్వనాథరెడ్డి ప్రభృతులు స్థాపించిన సహకార గ్రామీణ బ్యాంకు సభ్యుల పొదుపు మీద పెరిగింది. అప్పు, విత్తనం, ఎరువు, పంట అమ్మకం అన్నీ ఉమ్మడి చేసుకొన్నది. తరవాతి కాలంలో ఆ చుట్టుపక్కల స్త్రీలు తమ పొదుపు సంఘాల నుంచే పాల సహకార సంఘాన్ని నిర్మించుకొన్నారు. అది వర్గపోరాటం కాదు, సోషలిజమూ కాదు. భూమిలేనివాడికి అందులో దక్కినది తక్కువే అన్న విమర్శను నేను కాదనను. ఐతే ఒక సంగతి అది రుజువు చేసింది. చిన్న మొత్తాలు, సభ్యత్వం, ఏటా లెక్కల సభ, ఈ మూడూ ఉంటే డబ్బు పెరగడమూ సాధ్యమే, పుచ్చుకునేవాడు తల ఎత్తుకొని నిలబడడమూ సాధ్యమే. పవర్‌గూడ స్త్రీలకు కావలసినది మరొక 645 డాలర్లు కాదు. ధర నిర్ణయించే బల్ల దగ్గర కుర్చీ కావాలి.

కనక ఇటువంటి కూటమి ఏదైనా మన కళాశాలకో, ఉపాధ్యాయ సంఘానికో వచ్చి సహకరించమంటే మూడు ప్రశ్నలు వెయ్యవలసి ఉంటుంది. మొదటిది: ఎవరి పేర డబ్బు వసూలౌతున్నదో ఆ జనం, అంటే గ్రామసభ, మహిళా సంఘం, కార్మిక సంఘం, నిర్ణయంలోను, లెక్కలోను కూర్చుంటారా? రెండవది: ఇచ్చినవాడే పొగ వదిలేవాడైతే అతణ్ణి విమర్శించే స్వేచ్ఛ కూటమికి ఉన్నదా, లేక విరాళం నోటికి తాళమా? మూడవది: ఈ డబ్బు పన్నునూ, రాయల్టీనీ, అటవీ హక్కునూ గట్టిగా అడిగే బలాన్ని పెంచుతుందా, లేక వాటిని అడగవలసిన పని లేదని నిద్రపుచ్చుతుందా? ఈ మూడింటికీ సరైన సమాధానం ఉన్న కూటమికి సొమ్ము ఇవ్వడమే కాదు, దాని కోసం తిరిగి ఇతరుల దగ్గర అడగడం కూడా మన విధి. అప్పుడు సిగ్గుపడవలసిన పని లేదు. మన ముందటివారు అణాలు అడిగారు.

ఈ ప్రశ్నలు అంతర్జాతీయ రంగంలోకి కూడా పోతవి. 2009లో కోపెన్‌హాగన్‌లో ధనిక దేశాలు ఏటా పదివేల కోట్ల డాలర్లు సమకూర్చుతామన్నవి. 2024లో బాకూలో 2035 నాటికి దాన్ని ముప్ఫైవేల కోట్లకు పెంచుతామన్నవి. పేదదేశాలు దాన్ని సాయం అనడానికి ఒప్పుకోకుండా బాకీ అంటున్నవి. అక్కడ పేదదేశాల పక్షాన మాట్లాడే మన పాలకవర్గం, ఇక్కడ ఆదిలాబాదు గూడేనికి వచ్చేసరికి తానే దాత పీఠం మీద కూర్చుంటున్నది. బాకూలో చెల్లే న్యాయం జైనూరులో కూడా చెల్లాలి.

ఇచ్చేవారు పెరగాలి, నిస్సందేహంగా. ఐతే పెద్ద ఎత్తున పొగ వదిలి గడించినవారు ఇచ్చేదాన్ని అప్పు కింద జమకట్టుకుందాం; చిన్నవాళ్లం ఇచ్చేదాన్ని చందా కింద రాసుకుందాం. రసీదు ఇద్దరికీ ఇద్దాం. దండ మాత్రం ఎవరికీ వెయ్యనక్కరలేదు.